బొలోన్యా నుంచి రవెన్నా ఒక్కరోజు ట్రిప్: మొదటి ఆదివారం నిజంగా అన్నీ ఫ్రీయేనా?

సోమవారం_సబ్మిషన్:
బొలోన్యాలో మాస్టర్స్, మొదటి సెమిస్టర్. నవంబర్ మొదటి ఆదివారం రూమ్మేట్, నేను పొద్దున్నే రవెన్నా వెళ్లి రాత్రికల్లా తిరిగొచ్చేద్దామని అనుకుంటున్నాం. నెలలో మొదటి ఆదివారం ఇటలీలో మ్యూజియంలన్నీ ఫ్రీ అన్నారు కాబట్టి ట్రైనుకీ తిండికీ కలిపి మనిషికి 30 యూరోలు చాలనుకున్నాం. ఈ లెక్క కరెక్టేనా? మొజాయిక్‌లు, అంటే గాజు ముక్కలు అతికి చేసిన బొమ్మలు, ఉన్నవి ఎనిమిది చోట్లట. ఒక్కరోజులో ఎన్ని చూడొచ్చు? మా వాడు శాకాహారి, గుడ్డు కూడా తినడు. ఇద్దరికీ పెర్మెస్సో (ఇటలీలో ఉండేందుకు అనుమతి) కార్డు ఇంకా రాలేదు, పోస్టాఫీసు రసీదే ఉంది. వచ్చేటప్పుడు ఫెర్రారా కూడా చూసేసి రావచ్చా? అన్నలూ అక్కలూ, కాస్త చెప్పండి.

పట్టాల_పిచ్చి:
ట్రైన్ సంగతి నేను చెప్తాను, మొజాయిక్‌ల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

బొలోన్యా చెంత్రాలె (మెయిన్ స్టేషన్) నుంచి రవెన్నాకు రీజినల్ ట్రైన్లు ఇమోలా, కాస్తెల్ బొలోన్యేసె, లూగో మీదుగా వెళ్తాయి. డైరెక్ట్ ట్రైనైతే గంటం పావు అటూఇటూ. ఒకవైపు టికెట్ పది యూరోల లోపే. రిటర్న్ కలిపి కొంటే తగ్గేదేం లేదు, రెండు వన్‌వేలు తీసుకోండి.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడ: రిమినీ వెళ్లే ట్రైన్లు రెండు దారుల్లో పోతాయి. ఫాయెంజా, ఫొర్లీ, చెజేనా మీదుగా పోయేది రవెన్నా మొహమే చూడదు. మ్యాప్‌లో రిమినీ రవెన్నాకు ఆ పక్కనే కనిపిస్తుంది కాబట్టి "ఇదే అయ్యుంటుంది" అని ఎక్కేస్తారు. బోర్డు మీద చివరి స్టేషన్ పేరొక్కటే చూడకండి, కింద నడిచే స్టేషన్ల పేర్లలో రవెన్నా ఉందో లేదో చూడండి. ఇంకోటి, చెంత్రాలెలో ప్లాట్‌ఫామ్ నంబరు పక్కన "ఎస్త్" (తూర్పు) అనో "ఓవెస్త్" (పడమర) అనో ఉంటే అది వేరే చోటు. ఉత్తి 3 వేరు, 3 ఓవెస్త్ వేరు. ఒకదాన్నుంచి ఇంకోదానికి పరిగెత్తాలంటే ఐదు నిమిషాలు పడుతుంది.

టికెట్ యాప్‌లో కొంటే కొన్నంత మాత్రాన పని అయిపోదు. ట్రైన్ ఎక్కే ముందు అందులో చెక్-ఇన్ కొట్టాలి. కొట్టినప్పటి నుంచి నాలుగు గంటలు చెల్లుతుంది. చెక్-ఇన్ కొట్టేదాకా ఆ తేదీకి ఏ రీజినల్ ట్రైనైనా ఎక్కొచ్చు కాబట్టి ఒక ట్రైన్ పోయినా కంగారు లేదు. ఎటొచ్చీ రిటర్న్ టికెట్‌కి కూడా పొద్దున్నే చెక్-ఇన్ కొట్టేసి కూర్చుంటే, సాయంత్రానికి అది చచ్చిన టికెట్. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న మెషీన్‌లో దూర్చి స్టాంపు వేయించుకోవాలి. మెషీన్ పనిచేయకపోతే ట్రైన్ ఎక్కగానే కండక్టర్‌ని మీరే వెతుక్కుంటూ వెళ్లి చెప్పండి. ఆయన మీ సీటు దాకా వచ్చాక చెప్తే అది సాకులాగే వినిపిస్తుంది. కొత్త స్టూడెంట్ అనీ భాష రాదనీ పెనాల్టీ మాఫీ చేయరు.

షోపెరో, అంటే సమ్మె. కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టం ఉంది కాబట్టి వారం ముందు చూసుకుంటే తెలిసిపోతుంది. రవాణా మంత్రిత్వ శాఖ సైట్‌లో జాబితా పెడతారు. "సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 రీజినల్ ట్రైన్లు గ్యారంటీ" అని చాలామంది చెప్తారు. నిజమే, కానీ అది పని దినాలకే. ఆదివారం సమ్మె పడితే ఆ గ్యారంటీ లేదు. ట్రిప్ వాయిదా వేసుకోవడమే.

ఫెర్రారా: రవెన్నా నుంచి నేరుగా లైన్ ఉంది, అక్కణ్నుంచి బొలోన్యాకూ ఉంది. ట్రైన్ల లెక్క ప్రకారం చుట్టి రావచ్చు. కానీ అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పేస్తారు, నవంబర్ మొదట్లో ఐదింటి ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. చీకట్లో అక్కడి ఎస్తె ప్రభువుల కోట గోడలు చూడ్డానికి అంత తిరగడం దేనికి? బొలోన్యా నుంచి ఫెర్రారా దగ్గరే, ఇంకో పూట పెట్టుకోండి.

రసీదు సంగతి: ఇటలీ లోపల తిరగడానికి పోస్టాఫీసు రసీదు, దాంతో పాటు పాస్‌పోర్టు ఉంటే చాలు. రెండూ ఒరిజినల్స్ జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే అన్నిసార్లూ ఒప్పుకోరు.

గాజు_పలుకు:
మీ లెక్కలో తప్పు మొదటి ఆదివారం దగ్గరే ఉంది. ఆ ఫ్రీ ప్రభుత్వ మ్యూజియంలకే. రవెన్నాలో యునెస్కో 1996లో జాబితాకెక్కించిన కట్టడాలు ఎనిమిది. వాటిలో సాన్ విటాలే, గల్లా ప్లాచీదియా సమాధి మందిరం, నియోనియన్ బాప్టిస్టరీ (బాప్టిజం ఇచ్చే మందిరం), సాంత్ అపోల్లినారె నువోవో, ఆర్చిబిషప్ చాపెల్, ఈ ఐదూ చర్చి వాళ్ల చేతిలో ఉన్నాయి. వాటికి ఏ ఆదివారమైనా టికెట్ కొనాల్సిందే. మిగతా మూడు ప్రభుత్వానివి: అరియన్ బాప్టిస్టరీ, థియోడొరిక్ (ఒకప్పుడు ఇక్కడ ఏలిన గోత్ రాజు) సమాధి, ఊరి బయట క్లాస్సెలో ఉన్న సాంత్ అపోల్లినారె. ఫ్రీ వర్తించేది వీటికి, సాన్ విటాలే పక్కనున్న నేషనల్ మ్యూజియానికి. అంటే మీరు ఏవి చూడ్డానికి వెళ్తున్నారో వాటికే డబ్బులు. మనిషికి 30 కాదు, 45 పెట్టుకోండి.

చర్చి వాళ్లది కంబైన్డ్ టికెట్, సాన్ విటాలేకి ఒక్కదానికే కావాలంటే ఇవ్వరు. ఏడు రోజులు చెల్లుతుంది, ఒక్కో చోటికి ఒక్కసారే ప్రవేశం. "రవెన్నా మొజాయిచి" అనే వాళ్ల అధికారిక సైట్‌లోనే కొనండి. గల్లా ప్లాచీదియాకీ నియోనియన్ బాప్టిస్టరీకీ టైమ్ స్లాట్ కూడా అక్కడే ఎంచుకోవాలి. స్లాట్‌లో లోపల ఉండనిచ్చేది ఐదు నిమిషాలే, ఎందుకంటే లోపల జనం వదిలే ఊపిరి తేమ మొజాయిక్‌కి మంచిది కాదు, పైగా గది కూడా బుల్లిది. స్టూడెంట్ కార్డు తీసుకెళ్లి తగ్గింపు అడగండి. ప్రభుత్వ కట్టడాల్లో మామూలు రోజుల్లో ఉండే 2 యూరోల టికెట్ మాత్రం 18 నుంచి 25 ఏళ్ల యూరోపియన్ యూనియన్ పౌరులకే, ఇక్కడ చదువుతున్నంత మాత్రాన మనకు రాదు. మీరు ఆర్కిటెక్చర్, ఆర్కియాలజీ, కళా చరిత్ర లాంటివి చదువుతుంటే వేరే సంగతి, యూనివర్సిటీ సర్టిఫికెట్ చూపిస్తే ఉచితం.

ఇక ఆ ఐదు నిమిషాలు. చాలామంది ఎండలోంచి లోపలికి అడుగుపెడతారు, కళ్లు కనపడవు, ఫోన్ తీస్తారు, నాలుగు మసక ఫోటోలు, "టైమ్ అయిపోయింది" అంటారు, బయటికి. గల్లా ప్లాచీదియాలో వెలుతురు వచ్చేది పల్చని అలబాస్టర్ పలకల గుండా. తేనె రంగులో, చాలా తక్కువగా వస్తుంది. కంటికి అలవాటు కావడానికే ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. అందుకని బయట క్యూలో ఉన్నప్పుడే చలువ కళ్లద్దాలు పెట్టుకోండి, ఫోన్ స్క్రీన్ చూడకండి, వీలైతే ఒక కన్ను మూసుకుని నిలబడండి. నవ్వుకున్నా సరే, పనిచేస్తుంది. లోపలికి వెళ్లగానే ఎదురుగా ఇనుప మంచం లాంటి దాని కింద మంటలు కనిపిస్తాయి, అది సెయింట్ లారెన్స్ అని చెప్పే బొమ్మ. అందరూ అటే చూస్తారు. మీరు వెనక్కి తిరగండి. గొర్రెల మధ్య కూర్చున్న కాపరి రూపంలో క్రీస్తు బొమ్మ మీరు వచ్చిన గుమ్మం పైనే ఉంది. పక్క గోడల మీద నీళ్లు తాగే జింకలు. తల పైకెత్తితే ముదురు నీలం, మధ్యలో బంగారు శిలువ, చుట్టూ చుక్కలు. అంతే, ఐదు నిమిషాలకు సరిపోతుంది. పేరు రోమన్ మహారాణి గల్లా ప్లాచీదియాదే గానీ ఆవిడ 450లో పోయింది రోమ్‌లో, ఇక్కడ పూడ్చారనడానికి ఆధారం లేదు.

తల కొంచెం అటూఇటూ కదుపుతూ చూడండి. గాజు ముక్కల్ని గోడకు సమంగా అంటించరు, ఒక్కో ముక్కనూ కాస్త వాల్చి పెడతారు. బంగారు ముక్క అంటే రెండు గాజు పొరల మధ్య పల్చటి బంగారు రేకు. మీరు కదిలితే మెరుపు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పాకుతుంది. ఫోటోలో అది ఎందుకు రాదో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఫోటో తీయొచ్చు, ఫ్లాష్ మాత్రం వద్దు.

సాన్ విటాలేకి స్లాట్ గొడవ లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు. 547లో ప్రతిష్ఠించిన ఎనిమిది వైపులున్న గుడి. ఆల్టర్ వైపు తిరిగి నిలబడితే ఎడమ గోడ మీద బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి జస్టీనియన్, కుడి గోడ మీద థియొడోరా రాణి, ఒకరికొకరు ఎదురుగా. ఇద్దరిలో ఒక్కరూ రవెన్నా గడప తొక్కలేదు. జస్టీనియన్ పక్కనున్న బిషప్ తల మీద మాత్రం "మాక్సిమియానుస్" అని పేరు రాసి ఉంటుంది. ఆ రెండు గుంపుల్లో పేరు వేయించుకున్నది ఆయనొక్కడే, ప్రతిష్ఠ చేసిందీ ఆయనే! థియొడోరా అంగీ అంచు మీద కానుకలు మోసుకొస్తున్న ముగ్గురు జ్ఞానుల కుట్టుపని ఉంది, బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి.

చలికాలపు వేళల్లో సాయంత్రం ఐదింటికే మూసేస్తారు, దానికి కాస్త ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి.

కడుపే_కైలాసం:
శాకాహారికి రవెన్నాలో తిండి దొరకదని కాదు. పైకి శాకాహారంలా కనిపించేవే ముంచేస్తాయి. రవెన్నా ఉన్న రొమాన్యా ప్రాంతం అంటే పియాదీనా. పల్చటి రొట్టె, మధ్యలో చీజ్, రుకోలా ఆకు, చూస్తే నిక్షేపంగా ఉంటుంది. కానీ పాత పద్ధతిలో ఆ పిండిని స్ట్రుత్తో వేసి కలుపుతారు. స్ట్రుత్తో అంటే పంది కొవ్వు. ఇది శాకాహారులకే కాదు, పంది మాంసం ముట్టనివాళ్లకూ వర్తిస్తుంది. చాలా కొట్లలో ఆలివ్ నూనెతో చేసిన రొట్టె కూడా ఉంటుంది, అడిగితేనే ఇస్తారు. "సెన్జా స్ట్రుత్తో? కొన్ ఓలియో?" అని అడగండి, ఈ రెండు ముక్కలూ చాలు.

లోపల పెట్టేది: స్క్వాక్కెరోనె అనే మెత్తటి చీజ్ ఇక్కడి ప్రత్యేకం. దానికోసం పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. ఆ పట్టింపు ఉంటే చీజ్ వదిలేసి కాల్చిన కూరగాయలు, "వెర్దూరె గ్రిల్యాతె", పెట్టించుకోండి. మడిచి అంచులు మూసి కాల్చేదాన్ని క్రెషోనె అంటారు. ఆకుకూర పెట్టింది బాగుంటుంది, బంగాళాదుంప పెట్టిన దాంట్లో చాలాసార్లు సాసేజ్ కలుపుతారు. దీని పిండి కూడా అదే, మళ్లీ అదే ప్రశ్న అడగాలి. ఒక్కోటి 5 నుంచి 8 యూరోలు.

కప్పెల్లెత్తి (లోపల కూరి మడిచే పాస్తా) గురించి కూడా చెప్పాలి. బొలోన్యా తొర్తెల్లీనిలో మాంసం ఉంటుంది, రొమాన్యా కప్పెల్లెత్తిలో మామూలుగా చీజ్ కూరుతారు. అది విని ఆర్డర్ చేస్తే మాంసం ఉడికించిన రసంలో తేలుతూ వస్తుంది. పైగా పిండిలో గుడ్డు. గుడ్డు తినని మీ వాడికి అసలు వద్దు.

కూర్చుని తినే చోట్ల వంటగది మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో కట్టేస్తారు, మళ్లీ ఏడింటికి. మూడింటికి ఆకలని వెళ్తే కాఫీ తప్ప ఏమీ ఉండదు. బిల్లులో "కోపెర్తో" అని మనిషికి ఒకటి రెండు యూరోలు పడుతుంది, మోసం కాదు, అది బల్లకు కట్టే డబ్బు. డబ్బా కట్టుకెళ్లినా మంచిదే, కాకపోతే చర్చి మెట్ల మీద విప్పకండి.

నెమ్మది_నడక:
పైన చెప్పినవన్నీ సరే. ఒక్క విషయంలో నా మాట వేరు. ఇలా రాస్తే అందరూ ఎనిమిదికి ఎనిమిదీ టిక్ కొట్టాలని పరిగెత్తుతారు. థియోడొరిక్ సమాధి వదిలేయండి. స్టేషన్ పట్టాలకు అవతలి వైపు, నడిస్తే ఇరవై నిమిషాలు. పైకప్పు ఒకే రాయి, దాదాపు 11 మీటర్ల వ్యాసం, 200 టన్నులకు పైమాటే, సముద్రం అవతల ఇస్ట్రియా నుంచి తెచ్చింది. ఆ రాతిని ఎలా ఎత్తారన్నదే అక్కడ ముచ్చట, అదంతా బయటి నుంచి చూసేదే. లోపల మొజాయిక్ లేదు, ఖాళీ రాతి తొట్టి ఒకటి ఉంది.

ఆ గంటను క్లాస్సెకి పెట్టండి. ఊరికి దక్షిణాన ఐదు కిలోమీటర్లు. రిమినీ వైపు ట్రైన్‌లో ఒక్క స్టేషన్, లేదా స్టేషన్ ముందు నుంచి 4 నంబరు బస్సు. బస్సు టికెట్ తబాక్కి (సిగరెట్లు అమ్మే) కొట్లో ముందే కొనిపెట్టుకోండి, ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి. ఆదివారం బస్సులూ తక్కువే, అక్కడ ఆగే ట్రైన్లూ తక్కువే. రెండింటి టైమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని, వెళ్లేది ఒకటి వచ్చేది ఒకటి తేల్చుకున్నాకే బయల్దేరండి. పొద్దున ప్రార్థన ఉంటుంది కాబట్టి మధ్యాహ్నమే వెళ్లాలి. 549 నాటి ఆ చర్చిలో ఆప్స్ (ఆల్టర్ వెనకున్న గుండ్రటి గోడ) నిండా పచ్చిక బయలు. రాళ్లూ చెట్లూ గొర్రెలూ, మధ్యలో చేతులు చాచిన సెయింట్ అపోల్లినారె. పైన శిలువ మధ్యలో బొట్టు బిళ్లంత గుండ్రంలో క్రీస్తు ముఖం ఉంది, వెతికితే తప్ప కనపడదు. మొదటి ఆదివారం ఫ్రీ అనేది మీకు అక్కరకొచ్చేది ఇక్కడే.

ఊళ్లో సాంత్ అపోల్లినారె నువోవోకి వెళ్తే కుడి గోడ మీద గుమ్మం వైపు చివర రాజభవనం బొమ్మ దగ్గర ఆగండి. "పలాతియుమ్" అని రాసి ఉంటుంది. స్తంభాల మధ్య తెరలు కట్టినట్టుంటాయి. ఒకప్పుడు అక్కడ మనుషులుండేవారు, థియోడొరిక్, ఆయన కొలువు కావచ్చు. ఆయన అరియన్, అంటే క్రీస్తు దేవుడితో సమానం కాదనే, బైజాంటియం వాళ్లకు గిట్టని క్రైస్తవ శాఖవాడు. 540లో ఊరు బైజాంటియం వశమయ్యాక ఆ బొమ్మలు చెరిపి తెరలు పెట్టారు. మనుషుల్ని తీసేశారు గానీ స్తంభాల మీద పడ్డ చేతులు మిగిలిపోయాయి. తెల్లటి స్తంభం మీద ఉత్తి అరచెయ్యి, వేళ్లు. తెలియకపోతే మచ్చ అనుకుని దాటేస్తారు.

ఇంకొక్కటి, ఖర్చు ఒక్క యూరో నాణెం. కవి దాంతె సమాధి పక్కన సాన్ ఫ్రాంచెస్కో చర్చి. ఆల్టర్ కింద చిన్న కిటికీలోంచి నేలమాళిగ కనిపిస్తుంది. ఊరు బురద నేల మీద కట్టింది, నేల కుంగుతూ వచ్చింది, భూగర్భ జలం పైకి వచ్చింది. ఇప్పుడు ఆ గది నీళ్లలో ఉంది, మొజాయిక్ నేల మీద చేపలు తిరుగుతుంటాయి. నాణెం వేస్తే లైటు వెలుగుతుంది. దాంతె అంత్యక్రియలు 1321లో ఈ చర్చిలోనే జరిగాయి. ఎముకలు ఆయన సొంత ఊరు ఫ్లోరెన్స్ వాళ్లు అడిగినా ఇవ్వలేదు, సన్యాసులు గోడలో దాచేస్తే 1865లో బయటపడ్డాయి. సమాధిలో దీపానికి నూనె మాత్రం ఇప్పటికీ ఏటా ఫ్లోరెన్సే పంపుతుంది.

సోమవారం_సబ్మిషన్:
అందరికీ చాలా థాంక్స్. అయితే ప్లాన్ ఇలా మార్చాం. ఎనిమిది ప్రాంతంలో బొలోన్యాలో ట్రైన్. పది గంటలకు గల్లా ప్లాచీదియా స్లాట్, తర్వాత సాన్ విటాలే. పదకొండున్నరకి నియోనియన్ బాప్టిస్టరీ స్లాట్, పక్కనే చాపెల్. పన్నెండున్నరకి తిండి. ఒకటిన్నరకి క్లాస్సె. తిరిగొచ్చాక అపోల్లినారె నువోవో, దాంతె, చేపలు. ఫెర్రారా, థియోడొరిక్ ఔట్. ఏమన్నా తేడా ఉందా?

గాజు_పలుకు:
మొదటి స్లాట్ పదికి పెట్టుకోకండి. ట్రైన్ ఇరవై నిమిషాలు లేటైతే స్లాట్ పోతుంది. స్టేషన్ నుంచి సాన్ విటాలేకి నడకే పావుగంట. పదిన్నరకో పదిముప్పావుకో తీసుకుని, ముందు సాన్ విటాలే చూడండి. అక్కడ స్లాట్ లేదు కాబట్టి ఆలస్యమైనా ఆ టైమే తగ్గుతుంది. రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి, మధ్యలో గడ్డి మాత్రమే. అలాగే నియోనియన్ స్లాట్ పన్నెండుకి జరపండి, చాపెల్ ముందు చూసుకోవచ్చు. టైమ్ మిగిలితే స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు దియాజ్ వీధి పక్క సందులో అరియన్ బాప్టిస్టరీ ఉంది, తెరిచి ఉంటే పది నిమిషాలు చాలు. దాని పైకప్పులోనూ క్రీస్తు బాప్టిజమే, నియోనియన్‌లోనూ అదే. రెండూ ఒకే రోజు చూస్తే ఎవరు ఎవర్ని చూసి వేశారో ఇట్టే తెలుస్తుంది.

నెమ్మది_నడక:
అపోల్లినారె నువోవోని క్లాస్సె తర్వాత పెట్టడం రిస్కు. తిరుగు బస్సు తప్పితే నాలుగున్నర దాటిపోతుంది, ఐదింటికి తలుపులు మూస్తారు. అది స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంది, తిన్నాక దాన్ని చూసి అటునుంచి అటే క్లాస్సె బస్సెక్కండి. దాంతె, చేపలు చివరికి ఉంచండి. ఆ నాణెం మాత్రం మధ్యాహ్నం కాఫీకి ఇచ్చేయకండి.